బీపీ ఉందా? మూత్ర పరీక్ష కూడా అడగండి

బీపీ 140/90 దాటి మందులు వాడుతున్నారా? మిషన్ రీడింగ్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. కిడ్నీ దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి, వాపు ఉండవు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడమే తొలి ఆనవాలు. అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే మూడు నెలల్లో మళ్లీ చూడాలి. జ్వరం వచ్చినా పెరుగుతుంది, ఒక్క రిపోర్టుకే కంగారొద్దు.

వికారాబాద్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం 2021 నుంచి ఉంది. తాండూరు వాళ్లు అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ రాస్తే రక్తం, మూత్రం అక్కడే ఇవ్వొచ్చు, ఉచితం. క్రియాటినిన్, పొటాషియం కూడా రాయమనండి.

అల్బుమిన్ పోతుంటే డాక్టర్లు ఎక్కువగా టెల్మిసార్టాన్ లాంటి మందు ఇస్తారు (గర్భిణులకు ఇది పనికిరాదు). మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూపించుకోవాలి. ఈ రెండోసారి పరీక్ష మాత్రం మానొద్దు. మెడికల్ షాపులో నొప్పుల గోళీలు సొంతంగా కొని వేసుకుంటుంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి.