గుద్డీలో లాల్: పత్తికొండ చలికాలం, దూదేకుల కమాన్

రాయలసీమ తారీఖ్ రాసినోళ్లు ఎక్కువగా ఎండనే రాశారు. 1876-78 కరువు, గంజి కేంద్రాలు, వలసలు, ఆ తర్వాత ఫ్యాక్షన్. మా పత్తికొండ పేరు పుస్తకాల్లో కనబడేది కూడా ఒక మౌత్ వల్లే. 1827 జూలై 6న మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో కలరాతో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన పేరిట తోపు, బావి ఉన్నాయి. అంతటితో పత్తికొండ కథ ఖతం.

కానీ ఈ ఊళ్లో చలికాలం కూడా ఉంది జనాబ్! నవంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా, ఫజర్ అజాన్ వేళకు చన్నీళ్లతో వజూ చేయాలంటే చేతులు కొంకర్లు పోయే చలి. కశ్మీర్ చలి కాదులెండి. అయినా నలభై డిగ్రీల ఎండకు అలవాటు పడ్డ ఒంటికి పదిహేను, పదహారు డిగ్రీలు అంటే సర్దీయే.

ఆ రెండు నెలల్లో ఖుషీలు చిన్నచిన్నవి. పొయ్యి దగ్గర కూర్చుని పెనం మీంచి నేరుగా తినే జొన్నరొట్టె. నల్లరేగడి చేలల్లో పాలకంకులు కాల్చి, చేతుల్లో నలిపి, ఊదుకుంటూ తినే ఊచబియ్యం. రేగుపండ్లు. కొత్త అనపకాయలు. పొద్దెక్కాక గోడకు వీపు ఆనించి ఎండ కాచుకోవడం. దీనికి పైసా ఖర్చు లేదు. రాత్రిళ్లు పొడుగు కాబట్టి దాస్తాన్లు కూడా పొడుగే.

వీటన్నిటికన్నా పెద్ద ఖుషీ కప్పుకునేది. నేను రాయాలనుకున్న తారీఖ్ దాని గురించే.

మా ఇళ్లల్లో రెండు రకాలుండేవి. ఒకటి రజాయి, అంటే కొత్త బట్ట లోపల దూది. రెండోది గుద్డీ. తెలుగులో బొంత. పాత చీరలు, లుంగీలు, చిరిగిన దుపట్టాలు పొరలు పొరలుగా పరిచి కుట్టేది. రజాయి పెళ్లికి, గుద్డీ బతుక్కి.

గుద్డీ పని దసరా దాటాక మొదలయ్యేది. మా అమ్మీ, ఖాలా, పక్కింటి అక్క కలిసి నేల మీద చీరలు పరిచేవాళ్లు. ముడతలు పోవడానికి పిల్లల్ని వాటి మీద దొర్లమనేవాళ్లు. తర్వాత దబ్బనం, లావు దారం. అంచు నుంచి లోపలికి వరుసలు వరుసలుగా కుట్లు. మధ్యాహ్నం వంట అయ్యాక రెండు గంటలు కూర్చుంటే ఒక గుద్డీకి పది, పదిహేను రోజులు పట్టేది. ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలనే దగ్గర మీఠీ మీఠీ లడాయిలు కూడా అయ్యేవి. చదువు లేని ఆడవాళ్లు చేసిన డిజైన్ అది. దాన్ని హునర్ అని ఎవరూ అనలేదు, ఇంటిపని అన్నారు.

మన పక్కనే కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ల సంతతి, కుట్టేదాన్ని కవంది అంటారు. దాని నాలుగు మూలల్లో చిన్న త్రికోణపు గుడ్డముక్క పెట్టి, దానికి 'ఫులా' అని పేరు పెట్టారు, పువ్వు అన్నమాట. అది లేకపోతే కవంది పూర్తయినట్టు కాదు. ఆ కవందిల్ని అమెరికాలో ఎగ్జిబిషన్ పెట్టి చూపించారు. మన అమ్మీల గుద్డీలు మాత్రం అటకల మీద ఎలకల పాలయ్యాయి.

ఇక రజాయి. దానికి ఇంకో మనిషి కావాలి, దూదేకుల సాయిబు. చలికాలం ముందు భుజాన పొడుగాటి కమాన్ వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. విల్లులాంటి కర్ర, దానికి బిగించిన నరం తీగ, చేతిలో కొయ్య గుండు. గడ్డకట్టిన పాత దూది కుప్పలో తీగను ఆనించి గుండుతో మీటితే 'టుంయ్, టుంయ్' మని మోత. ఆ అదురుకు పోగులు విడిపోతాయి, దుమ్ము, గింజ ముక్కలు రాలిపోతాయి, దూది మబ్బులాగా పొంగుతుంది. పొంగిన దూదిలో గాలి నిలుస్తుంది, ఆ నిలిచిన గాలే వెచ్చదనం. మా స్కూల్లో సైన్సు సార్ కన్నా ముందు నాకు ఈ సబక్ చెప్పింది ఆ సాయిబే. ఆ దూదిని గలేబులోకి నింపి, కదలకుండా అక్కడక్కడా కుట్టేవాడు. గలేబు అన్నమాట కూడా మన గిలాఫ్ నుంచి తెలుగులోకి వచ్చిందే.

ఈ పనికి ఎన్ని పేర్లో చూడండి. అరబీలో నద్దాఫ్, హల్లాజ్. ఉత్తరాదిలో ధునియా. కన్నడ దేశంలో పింజార్, నదాఫ్. తెలుగులో దూదేకుల, పింజారి, నూర్‌బాషా. మన ప్రభుత్వం బీసీ-బి జాబితాలో 'లద్దాఫ్' అనే పేరు కూడా ఉంది. అది అరబీ నద్దాఫ్ నోరు తిరిగి అయిన మాటే. 922లో బగ్దాద్‌లో సజా-ఎ-మౌత్ పొందిన సూఫీ మన్సూర్ పేరు చివర హల్లాజ్ అంటే దూది ఏకేవాడనే. అందుకే ఉత్తరాది ధునియాలు తమను మన్సూరీ అని ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు.

దక్కన్‌కు ఈ నూలు కథతో పాత రిష్తా ఉంది. చరఖా గురించి మన దేశంలో దొరికే తొలి స్పష్టమైన ప్రస్తావన ఇసామీ రాసిన 'ఫుతూహ్-ఉస్-సలాతీన్'లో ఉందని ఇర్ఫాన్ హబీబ్ లాంటి చరిత్రకారులు చూపారు. 1350లో, బహమనీ దర్బారు నీడలో పూర్తయిన ఫార్సీ కావ్యం అది. ప్రస్తావన ఎట్లా వచ్చిందో తెలుసా? రజియా సుల్తానాను ఎత్తిపొడుస్తూ, ఆడదానికి తఖ్త్ ఎందుకు, చరఖా చాలదా అనే ధోరణిలో. చరఖా, సూది పట్టిన చేతుల్ని తక్కువ చేయడం కొత్త కాదు మరి.

ఇప్పుడు మళ్లీ మన్రో దగ్గరికి వద్దాం. 1800లో నిజాం ఈ దత్త మండలాలను ఇంగ్లీషోళ్లకు ఇచ్చేశాక, 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టర్ ఆయనే. పత్తికొండ కూడా అందులోదే, 1858లో గాని కర్నూలు జిల్లాలో కలవలేదు. ఆ రోజుల్లో కారీగర్ల మీద ముహ్తరిఫా అనే పన్ను ఉండేది. హిర్ఫా అంటే చేతిపని, ముహ్తరిఫ్ అంటే ఆ పని చేసేవాడు. హునర్ ఉన్నందుకు కట్టే సుంకం! 1860ల మొదట్లో గాని అది పోలేదు.

అదే మన్రో 1813లో లండన్ పార్లమెంటు ముందు సాక్ష్యం చెబుతూ ఒక మాట ఒప్పుకున్నాడు. తను ఏడేళ్లు వాడిన హిందుస్తానీ శాలువా దాదాపు కొత్తదానిలాగే ఉందని, విలాయతీ శాలువాను నజరానాగా ఇచ్చినా తను వాడనని. ఆ శాలువా పత్తికొండదని నేను అనడం లేదు. కానీ చలికి కప్పుకునే గుడ్డలో ఈ దేశపు చేతికి సాటి లేదని చెప్పిన దొర ఊపిరి వదిలింది పేరులోనే పత్తి ఉన్న మా ఊళ్లో. తోపు దగ్గర ఫోటోలు దిగే పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి.

దూదేకుల సాయిబులకు మాత్రం ఆ సాక్ష్యం పనికిరాలేదు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో వాళ్లకు ఒక పద్దు దొరికింది, అంతే. మిల్లులు వచ్చాయి, దూది ఏకే మిషన్లు వచ్చాయి, ఫోమ్ పరుపులు వచ్చాయి. ఇప్పుడు సంతలో పానిపట్ కంబళ్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఆ పానిపట్‌లో దేశదేశాల పాత బట్టలు చీల్చి, నూలు తీసి కంబళ్లు చేస్తారు. మన అమ్మీల గుద్డీ ఫార్ములానే మిషనెక్కింది, ఫులా ఒక్కటే లేదు.

నన్ను బాధపెట్టేది మిషన్ కాదు. మన మాట. షేక్, సయ్యద్ అని చెప్పుకునే మన ఇళ్లల్లో 'పింజారోళ్లు' అనే మాట ఎట్లా వాడామో మనకు తెలుసు. నమాజ్‌లో పక్కన నిలబడి, రిష్తా దగ్గర వెనక్కి జరిగాం. వాళ్ల ఉర్దూ సరిగ్గా లేదని నవ్వాం. తెలుగే వాళ్ల ఇంటి జుబాన్ కావడం ఐబ్ అయింది! అదే బిరాదరీ నుంచి వచ్చిన దూదేకుల సిద్దయ్య కడప గడ్డ మీద వీరబ్రహ్మం శిష్యుడై నిలిచాడు. అదే బిరాదరీ నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథతో తెలుగు దేశాన్ని ఊపి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. మనం తిట్టుగా వాడిన మాటను ఆయన అట్ట మీద వేసుకున్నాడు.

ఉర్దూలో 'గుద్డీ కా లాల్' అని ముహావరా ఉంది. చిరుగుల బొంతలో దాగిన కెంపు అని. లాల్‌ను మెచ్చుకోవడానికి పుట్టిన మాట అది. గుద్డీ కుట్టిన చేతిని, దూది ఏకిన చేతిని మెచ్చుకునే ముహావరా మనం ఇంకా పుట్టించలేదు.

ఈ చలికాలం సెలవుల్లో ఒక పని చేయండి. బీరువాలో కట్టని చీరలు నాలుగు తీయండి. నానీమాను, దాదీమాను పిలిచి కుట్టు నేర్పమనండి. మూలల్లో ఏ ముక్క పెట్టాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. కుడుతూ కూర్చున్నప్పుడు, మన వీధికి వచ్చిన దూదేకుల సాయిబు పేరేమిటని పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్నేళ్లో ఆయన ఏకిన దూది కింద నిద్రపోయాం. పేరైనా తెలిసి ఉండాలి కదా.