స్నో వైట్: అద్దం చెప్పని పేర్లు

మొన్న సెలవురోజు మా పాపతో కూర్చుని డిస్నీ వారి ‘స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్’ మళ్ళీ చూశాను. ఏడుగురు మరుగుజ్జుల పేర్లూ వేళ్ళ మీద లెక్కపెట్టి అప్పజెప్పింది. ఆ తర్వాత, “మరి బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు?” అంది. సినిమా మొదట్లోనే వేశారు కదా అన్నాను. కానీ ఆ జాబితాలో ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళే ఎక్కువ.

గ్రిమ్ సోదరుల కథలో మరుగుజ్జులకి అసలు పేర్లే లేవు. 1812 నాటి మొదటి ముద్రణలో పిల్లని చంపించాలనుకున్నది సవతి తల్లి కాదు, కన్నతల్లే. 1819 ముద్రణలో ఆమెని సవతి తల్లిగా మార్చారు. ముద్దుతో మేలుకోవడమూ అందులో లేదు. శవపేటిక మోసేవాళ్ళు తడబడితే, ఆ కుదుపుకి గొంతులో ఉన్న ఆపిల్ ముక్క బయటపడి అమ్మాయి లేస్తుంది. కథ చేతులు మారినప్పుడల్లా మారుతూనే ఉంది. గ్రిమ్ సోదరులకి కథలు చెప్పినవాళ్ళలో చాలామంది స్త్రీలు. పుస్తకం మీద నిలిచినవి మాత్రం అన్నదమ్ముల పేర్లు.

డిస్నీ దగ్గరా దాదాపు ఇదే జరిగింది. రెండున్నర లక్షల డాలర్లలో అయిపోతుందనుకున్న సినిమా సుమారు పదిహేను లక్షలు మింగింది. గంటన్నర సేపు కార్టూన్ ఎవరు చూస్తారని హాలీవుడ్‌లో వెక్కిరించారు. 1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలెస్‌లోని కార్తే సర్కిల్ థియేటర్‌లో మొదటి ప్రదర్శన అయ్యాక ఆ వెక్కిరింతలు ఆగిపోయాయి.

నాకు అలవాటైన లెక్క ఒకటి వేసి చూశాను. 83 నిమిషాల సినిమా, సెకనుకి 24 ఫ్రేములు. అంటే దాదాపు 1,19,000 ఫ్రేములు. చాలాచోట్ల ఒకే బొమ్మని రెండు ఫ్రేములకి వాడుకున్నా, ఒక్కో ఫ్రేములో రెండు మూడు బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఉండేవి. యానిమేటర్ పెన్సిల్‌తో కాగితం మీద వేసిన ప్రతి బొమ్మనీ పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు మీదకి సిరాతో ఎక్కించాలి. తర్వాత వెనకవైపు నుంచి రంగులు నింపాలి. ఈ ‘ఇంక్ అండ్ పెయింట్’ విభాగంలో దాదాపు అందరూ స్త్రీలే.

1938లో ఉద్యోగం కోసం రాసిన ఒక యువతికి స్టూడియో జవాబిచ్చింది. సృజనాత్మకమైన పని అంతా యువకులే చేస్తారు, అమ్మాయిలకి ఉండేది సిరాతో గీతలు దిద్దడం, రంగులు నింపడం మాత్రమే అని దాని సారాంశం. ఇక్కడే నాకు పేచీ. ఆ పెన్సిల్ గీత మనకి తెర మీద కనపడదు. మనం చూసే ప్రతి గీతా ఒక ఇంకర్ చేతి గీతే. గీత ఒక్క వెంట్రుకవాసి లావైనా ముఖం వణికినట్టు కనిపిస్తుంది. వేల షీట్ల మీద అది వణక్కుండా చూడటం ‘మాత్రమే’ అనదగ్గ పని కాదు.

స్నో వైట్‌కి గొంతునిచ్చిన ఆడ్రియానా కాసెలొట్టి పేరు కూడా తెర మీద లేదు. కెమెరా ముందు నటించి, నర్తించి స్నో వైట్ కదలికలకి ఆధారంగా నిలిచిన మార్జరీ బెల్చర్ పేరూ లేదు. 1939లో అకాడమీ వాళ్ళు ఒక పెద్ద ఆస్కార్ బొమ్మ, ఏడు చిన్న బొమ్మలు కలిపి ప్రత్యేక బహుమతి ఇచ్చారు. షర్లీ టెంపుల్ చేతుల మీదుగా అందుకున్నది వాల్ట్ డిస్నీ.

ఆ సినిమా లాభాలతో బర్బాంక్‌లో కొత్త స్టూడియో లేచింది. 1941 మే నెలలో ఆ స్టూడియో గేటు ముందే సమ్మె మొదలైంది. జీతాల తేడాలతో పాటు తెర మీద పేర్ల సంగతి కూడా ఆ గొడవలో ఉంది. సమ్మె నాయకుల్లో ఒకడైన ఆర్ట్ బాబిట్, ఇదే సినిమాలో అద్దాన్ని ప్రశ్నించే రాణికి ప్రాణం పోసిన యానిమేటర్లలో ఒకడు. అప్పటికే అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇదంతా తెలిశాక సినిమా మీద ఇష్టం తగ్గిందా అంటే, లేదు. మా పాపకి మాత్రం ఒక మాట చెప్పాను: “ఈసారి చూసినప్పుడు స్నో వైట్ చేతివేళ్ళ చుట్టూ ఉన్న గీత చూడు. అది ఒక అమ్మాయి గీసింది.” వెంటనే మళ్ళీ పెట్టమంది.