తిరిగి అప్పగించే నేల

కారును లీజుకు తీసుకున్నవాడికి ఒక షరతు ఉంటుంది: ఎలా తీసుకున్నాడో అలాగే తిరిగి ఇవ్వాలి. హైదరాబాదులో కంపెనీలు ఉద్యోగుల పేరున మూడు నాలుగేళ్లకు లీజు కార్లు ఇప్పిస్తాయి. మోజుపడి ఖరీదైన చక్రాలు వేయించుకున్నవాడు పాత చక్రాలు అటక మీద దాచుకుని, గడువు నాటికి మళ్లీ బిగించి ఇవ్వాలి. కొత్తవి అలాగే వదిలేస్తే యజమాని పైసా అదనంగా ఇవ్వడు, ఎక్కడైనా రంధ్రం చేసి ఉంటే మాత్రం డబ్బు పట్టుకుంటాడు. బాగుచేస్తే ఊరికే పోతుంది, పాడుచేస్తే జరిమానా పడుతుంది. దీన్ని అన్యాయమనలేం. కారుకు తయారుచేసినవాడు ఇచ్చిన రూపం ఒకటి ఉంది, మళ్లీ అమ్మేటప్పుడు ధర కట్టేది ఆ రూపానికే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషనులో రాసిన వివరాలు మారేలా బండిని మార్చడం యజమానికే కుదరదంటుంది, 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటనే గట్టిగా చెప్పింది. పైగా కారు వాడేకొద్దీ అరుగుతుంది, లీజుకు తీసుకున్నవాడు ఎంత శ్రద్ధగా చూసుకున్నా మొదటిరోజు కన్నా మెరుగవదు. ఈ షరతునే నేల మీద కూడా రుద్దడంతో చిక్కు వస్తుంది. నేల వాడకంలో చెడవచ్చు, వాడకంలోనే బాగుపడవచ్చు కూడా. గుంటూరు సీమలోని అచ్చంపేట ప్రాంతపు రెండువందల ఏళ్ల చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే, బాగుచేసినవాడికి ఆ బాగు దక్కే హక్కు ఇక్కడ ఎప్పుడూ సాగుచేసేవాడికి ఒక మెట్టు పైనే ఆగిపోయిందని నా వాదన.

అచ్చంపేట మండలంలోనే, కృష్ణ ఒడ్డున చింతపల్లి ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చకముందు ఏలుబడి సాగించింది అక్కడి నుంచే. గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అప్పటినుంచి 1802 దాకా జమీందారు పరిస్థితి కూడా ఒకరకంగా కౌలుదారుదే. కొద్దికాలపు బందోబస్తులు, ప్రతిసారీ కొత్త బేరం. పండించిన కొద్దీ శిస్తు పెరుగుతుందని తెలిసినప్పుడు చెరువుకు గండి పూడ్చడానికి ఎవరు ఖర్చుపెడతారు? కారన్‌వాలిస్ బెంగాలులో చెప్పిన ఈ తర్కమే 1802 నాటి మద్రాసు 25వ రెగ్యులేషనుకు పునాది. జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కషు శాశ్వతంగా ఖాయం చేస్తే, ఆ పైన భూమి బాగుపడి వచ్చే రాబడంతా జమీందారుదే అవుతుంది, కనుక అతను భూమిని బాగుచేస్తాడని ఆశ. బాగుకు భద్రత ఉండాలన్న సూత్రాన్ని కంపెనీ అంత స్పష్టంగా ఒప్పుకుంది, కాని దాన్ని జమీందారు దగ్గరే ఆపేసింది. రైతుకు అదే ఏడాది 30వ రెగ్యులేషను కింద పట్టా కాగితం దక్కింది, నేల మీద నికరమైన భద్రత దక్కలేదు.

ఫలితం ఆశించినట్టు రాలేదు. వెంకటాద్రి నాయుడు గుళ్లూ గోపురాలూ కట్టించాడు, అమరావతిని నిలబెట్టాడు. ఆ కట్టడాలకు రాళ్లు కావలసివచ్చి దీపాలదిన్నెను తవ్విస్తే బయటపడ్డ బౌద్ధ శిల్పాల కబురు విని 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. తన చేతికి వచ్చిన ఆస్తిలో మార్పులు చేసినవాళ్లలో నాయుడంత దూరం వెళ్లినవాళ్లు అరుదు. 1816లో ఆయన పోయాక ఇద్దరు దత్తపుత్రుల దావా ప్రీవీ కౌన్సిల్ దాకా నడిచింది. ఈలోగా 1832-33 నందన కరువు గుంటూరు సీమను ఖాళీ చేసింది. బకాయిలు పేరుకుపోయాయి. కంపెనీ అధికారి సర్ వాల్టర్ ఇలియట్ గుంటూరు స్థితిగతుల మీద విచారణ జరిపిన కాలంలోనే, 1846లో ప్రభుత్వం ఈ సీమ జమీందారీలను తానే కొనేసుకుంది. శాశ్వత హక్కు కూడా భూమిని బాగుచేయించలేకపోయిందిగా, ఇక బాగుకు భద్రత అనే వాదనకు విలువేముందని ఎవరైనా అడగవచ్చు. హక్కు ఇచ్చింది శిస్తు వసూలుచేసేవాడికి, మట్టి మోసేవాడికి కాదు. ఈ అనుభవం భద్రత పనికిరాదని రుజువు చేయదు, దాన్ని తప్పు మనిషికిస్తే ఏమవుతుందో చూపిస్తుంది.

1846 తర్వాత కృష్ణకు ఈ ఒడ్డు రైత్వారీ అయింది, మాదిపాడు రేవు దాటితే ఎదురుగా కనిపించే ముక్త్యాల మాత్రం వాసిరెడ్డి వారిలోనే మరో శాఖ చేతిలో జమీందారీగా మిగిలింది. ఇక్కడొక విచిత్రం జరిగింది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం జమీందారీ రైతుకు నేలను బాగుచేసుకునే హక్కు ఇచ్చింది, తన సొంత ఖర్చుతో చేసుకున్న మెరుగుకు శిస్తు పెంచకూడదనీ చెప్పింది. అంటే జమీందారు కింద ఉన్న అవతలి ఒడ్డు రైతుకు మెరుగు మీద చట్టబద్ధమైన రక్ష ఉంది. ఇవతలి ఒడ్డున పట్టాదారుకు ఏ రక్షకూ కొరత లేదు, అతను సర్కారుకే నేరుగా రైతు. కాని ఆ పట్టాదారు దగ్గర కౌలుకు చేసేవాడిని ఎస్టేట్ల చట్టం తాకదు, రైత్వారీ లెక్కల్లో అతని పేరే ఉండదు. జమీందారీ పోయిన చోటే అసలు దున్నేవాడు కాగితం మీద నుంచి మాయమయ్యాడు. జమీందారీ రద్దును విముక్తి అని మాత్రమే రాసే మన చరిత్రలు ఈ సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగవు.

ఆ కౌలుదారును కాపాడగలిగేది సాధారణ చట్టం ఒక్కటే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికి కొంత ఊరట ఇస్తుంది: ఆస్తి తన స్వాధీనంలో ఉన్నంతవరకు, నేలకు తాను బిగించిన వస్తువులు ఊడదీసి తీసుకుపోవచ్చు, స్థలాన్ని మాత్రం తాను పుచ్చుకున్న స్థితిలో వదలాలి. లీజు కారు చక్రాలకూ ఇదే పద్ధతి. గడువు ఖాయంగా లేని లీజు మధ్యలో అతని తప్పు లేకుండా ముగిస్తే, వేసిన పైరు కోసుకునే హక్కు కూడా ఇదే సెక్షనులో ఉంది. ఇవన్నీ ఉన్న అధ్యాయం చివర 117వ సెక్షను ఒకటుంది: ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ నిబంధనలు వ్యవసాయ లీజులకు వర్తించవు. కోర్టులు న్యాయసూత్రాలుగా వాడుకున్న సందర్భాలు లేకపోలేదు, కాని కోర్టుకెక్కే స్తోమత ఏడాది కౌలుకు చేసేవాడికి ఎక్కడిది? వర్తించిందనే అనుకుందాం. ఊడదీసుకునే హక్కు మోటారుకు, పైపులకు పనికొస్తుంది. నల్లరేగడిలో కలిపిన చెరువు మట్టిని ఏ రెంచితో ఊడదీస్తారు? పశువుల ఎరువు, గొర్రెల మంద కట్టించిన సారం, చదును చేసిన వాలు, తీసిన బోదె, ఇవన్నీ నేలలో కలిసిపోయేవే. తీసుకుపోవడానికి వీల్లేని మెరుగుకు చట్టంలో ఉండదగిన మార్గం ఒక్కటే, పరిహారం.

పరిహారం అనేది ఆనాటి వాళ్లకు తట్టని ఆలోచన కాదు. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో, అదే ప్రభుత్వం, మలబారు కౌలు మీద విలియం లోగన్ విచారణ తర్వాత 1887లో మలబారు కౌలుదార్ల మెరుగుల పరిహార చట్టం చేసింది, 1900లో దాన్ని తిరగరాసింది. జెన్మి, అంటే అక్కడి భూస్వామి, వెళ్లగొట్టదలిస్తే కౌలుదారు పెట్టిన కొబ్బరి, పోక చెట్లకు లెక్కకట్టి డబ్బు చెల్లించాకే వెళ్లగొట్టాలి. అక్కడ అలజడి ఉంది, చట్టం వచ్చింది. ఇక్కడ అలజడి లేదు, రాలేదు. ఇంగ్లండులో ఇంకా ముందే, 1875లో వ్యవసాయ కమతాల చట్టం వచ్చింది. అందులోంచి ఒప్పందం రాసుకుని తప్పుకునే వీలుండటంతో అది దాదాపు పనికిరాకుండా పోయింది, 1883లో తప్పనిసరి చేశారు. అదే 1883లో మన దేశంలో వచ్చింది భూమి అభివృద్ధి రుణాల చట్టం, జనం నోట తక్కావి అప్పులు. బావి తవ్వడానికి, గట్లు వేయడానికి సర్కారు అప్పిస్తుంది, మెరుగుచేసే హక్కు ఉన్నవాడికి గాని, అతని సమ్మతి ఉన్నవాడికి గాని. దొరల దేశంలో కౌలుదారుకు పరిహారం, మన దగ్గర పట్టాదారుకు అప్పు, రెండూ ఒకే ఏడు!

పరిహారం లేకపోతే ఏమవుతుందో నేల చెప్పే సాక్ష్యం కూడా ఉంది. చెరువు మట్టి తోలిస్తే ఆ సారం ఒక్క పంటతో తీరేది కాదు, పశువుల పెంట కూడా రెండో ఏటికీ మూడో ఏటికీ పనిచేస్తూనే ఉంటుంది. యూరియా బస్తా మాత్రం చల్లిన పైరుకే సరి. ఏడాదికి ఏడాది కౌలు మారే చోట రైతు ఏది కొంటాడో చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. మిరప, పత్తి వేసే ఈ ప్రాంతంలో కౌలు డబ్బు ముందే కట్టే పద్ధతి ఉన్నప్పుడు ఈ లెక్క మరింత బిగుసుకుంటుంది, పెట్టింది ఆ పంటలోనే తిరిగి రావాలి. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక పల్నాటి మెట్టలో మాగాణి తయారైంది కాలువ వల్లనే కాదు. నేల చదును చేసి, బోదెలు తీసి, గట్లు కట్టిన చేతుల వల్ల కూడా. ఆ మెరుగు విలువ అంతా భూమి ధరలో చేరింది, భూమి ధర భూమిగలవాడిది. దేవాలయ మాన్యాల సంగతి ఇంకా విడ్డూరం. కౌలు బహిరంగ వేలంలో పాడే చోట, మడిని బాగుచేసినవాడు తన పాటను తానే పెంచుకున్నట్టు.

కౌలుదారు నేలను పిండుకుని పోతాడు, వాడికి హక్కులిస్తే భూమి నాశనమే అనేది భూమిగలవాళ్ల పాత మాట. అందులో అబద్ధమేమీ లేదు, పిండుకునే కౌలుదార్లు ఉన్నారు. కాని కారణాన్నీ ఫలితాన్నీ తిరగేసి చెప్పడం అది. పదకొండు నెలల తర్వాత తనది కాని నేలను ఎవడైనా పిండుకుంటాడు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. 1956 ఆంధ్ర కౌలు చట్టం కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది, లిఖితపూర్వకంగా ఉండాలంది, 1974 సవరణ తర్వాత నీటిపారుదల నేలకు కౌలు దిగుబడిలో 30 శాతం మించరాదంది. కాగితం రాస్తే ఆరేళ్లు భూమి చేజారుతుందని భయపడ్డవాళ్లు కాగితమే మానేశారు. కౌలు నోటిమాటకు దిగింది, ఏటేటా మనిషిని మార్చడం మొదలైంది. రక్షణ పెంచబోయి ఉన్న భద్రతనూ పోగొట్టారని ఈ చట్టాన్ని విమర్శించేవాళ్లది న్యాయమైన మాటే.

అయితే ఆ చట్టం యజమాని భయాన్ని ఎక్కడ తాకిందో చూడాలి. అది కాలాన్ని పట్టుకుంది, విలువను వదిలేసింది. ఆరేళ్లు నేల వదలనక్కర్లేదని చెప్పింది. వదిలేటప్పుడు నీ మెరుగుకు ఇంత అని చెప్పే పద్ధతిని మాత్రం తన రక్షణకు కేంద్రంగా చేసుకోలేదు. యజమాని భయం భూమి పోతుందని, నాలుగు ట్రక్కుల మట్టికి డబ్బివ్వాల్సి వస్తుందని కాదు. మలబారు చట్టం, ఇంగ్లండు చట్టం రెండూ వెళ్లగొట్టే హక్కును యజమానికే వదిలి, వెళ్లేవాడికి లెక్క తేల్చమన్నాయి. కోరని మెరుగుకు యజమాని ఎందుకు చెల్లించాలన్న ప్రశ్నకూ ఇంగ్లండు 1883 చట్టం దగ్గర జవాబుంది. అది మెరుగులను మూడు తరగతులు చేసింది. కట్టడాల వంటి శాశ్వతమైనవాటికి యజమాని ముందస్తు సమ్మతి ఉండాలి, మురుగు కాలువలకు నోటీసు ఇస్తే చాలు, ఎరువు, సున్నపు మట్టి వంటివాటికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎంత పెద్ద మార్పో అంత సమ్మతి. కౌలు పొలంలో బోరు వేయడానికి యజమాని సంతకం కావాలనడం సబబే, పెంట తోలడానికి కావాలనడం కాదు. లెక్క ఎవరు కడతారంటారా? మలబారులో చెట్టు చెట్టుకూ కట్టారు.

మన దగ్గర చర్చ వేరే దారి పట్టింది. కోనేరు రంగారావు కమిటీ 2006లో కౌలుదార్ల స్థితిని కాగితం మీద పెట్టాక, 2011లో సాగుదార్ల చట్టం వచ్చి రుణ అర్హత కార్డులిచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఒప్పందం పదకొండు నెలలు, యజమాని సంతకం తప్పదు, కార్డు మీద పంట రుణం, బీమా, నష్టపరిహారం దక్కుతాయి, హక్కు పంట మీదనే తప్ప భూమి మీద ఏమాత్రం కాదు. 1956 నేర్పిన పాఠం ఇక్కడ బాగా గుర్తుంది, యజమాని భయపడకుండా కాగితం ఎంత తేలిక చేయాలో అంతా చేశారు. తుపాను వస్తే కౌలురైతు పేరున సాయం చేరే వీలు కలిగింది, అది చిన్న సంగతి కాదు. కౌలు కమతాల వాటాలో దేశంలోనే ముందు వరుసలో ఉన్న రాష్ట్రానికి ఈపాటి కాగితమైనా కావలసిందే. కాని పదకొండు నెలలంటే ఇళ్ల అద్దె ఒప్పందాల గడువు. ఏడాది దాటే లీజును రిజిస్టరు చేయాలన్న 1908 రిజిస్ట్రేషను చట్టం నుంచి తప్పించుకోవడానికి పట్నాల్లో వాడే లెక్క అది. ఆ కాగితంలో పంట నష్టానికి చోటుంది, కౌలుదారు తోలించిన మట్టికి లేదు. అచ్చంపేట పొలంలో ఈ వేసవి చెరువు మట్టి పడితే, వచ్చే ఏడు అదే మడిని మరొకరు దున్నితే, ఆ ఖర్చులో మిగిలిన విలువ ఎవరిదన్న ప్రశ్న 1802లో జమీందారు విషయంలో ఒకసారి అడిగారు, 1908లో ఎస్టేటు రైతు విషయంలో మరోసారి అడిగారు. పదకొండు నెలల కౌలుదారు విషయంలో ఇంకా అడగలేదు.