చెయ్యెత్తితే ఆగాల్సిందే

ఉదయం తొమ్మిదిన్నర. అమీర్‌పేట వైపు నుంచి బండి మీద వస్తున్నారు మీరు. నెత్తిన మెట్రో పట్టాలు, పక్కన ఆర్టీసీ బస్సు వేడి, ముందు ఆటో వెనకద్దం మీద అమ్మవారి బొమ్మ. సిగ్నల్ పసుపులోంచి ఎరుపులోకి మారేలోపు దూరిపోదామని యాక్సిలరేటర్ తిప్పారు. అంతలో విజిల్. ఒక మనిషి రోడ్డు మీదికి అడుగేసి అరచెయ్యి నిటారుగా లేపింది. బ్రేకు తొక్కారు. ముందు చక్రం తెల్లగీత దాటి ఆగింది.

"గీత దాటిన్రు. బండి జర ఎనుకకు తియ్యండి."

గొంతు బొంగురుగా ఉంది. తలెత్తి చూశారు. టోపీ కింద గట్టిగా చుట్టిన కొప్పు, చెవులకు చిన్న కమ్మలు, పౌడరు మీద అప్పుడే పట్టిన చెమట. చేతికి గాజుల్లేవు, వాచీ ఉంది. గాజులు ఏళ్ల తరబడి ఒరుసుకున్న చోట చర్మం కాస్త నల్లబడి ఉంది.

ఆవిడ ట్రాన్స్‌జెండర్ అని అర్థమైన మరుక్షణం మీ చెయ్యి హ్యాండిల్ వదిలి జేబు వైపు పోయింది, పది రూపాయల నోటు కోసం. ఆవిడ అడగలేదు. అసలు ఆవిడ చూపు మీ మీదే లేదు. రాంగ్ రూట్‌లో దూసుకొస్తున్న డెలివరీ కుర్రాడి మీద ఉంది. అయినా చెయ్యి పోయింది.

ఆ చెయ్యి అలా పోవడం వెనక మన పెంపకం ఉంది. ఇలాంటి పాత్ర తెర మీదికి రాగానే నవ్వాలని సినిమా హాల్లో నేర్చుకున్నాం. చప్పట్లు వినపడగానే నిద్ర నటించాలని రైలు పెట్టెలో పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాం. కొత్త దుకాణం తెరిస్తే వాళ్లను పిలిచి దిష్టి తీయిస్తాం. వాళ్లు తాకి ఇచ్చిన రూపాయి బిళ్లను గల్లాపెట్టెలో దాచుకుంటాం. అదే మనిషి టులెట్ బోర్డు చూసి గేటు తడితే, "ఫ్యామిలీకే ఇస్తామండీ" అని తలుపేసుకుంటాం. బడిలో బెంచీ మీద కుదురుగా కూర్చోనివ్వక, కొలువివ్వక, ఇల్లివ్వక, చివరికి సిగ్నల్ దగ్గర చెయ్యి చాచినప్పుడు, వాళ్ల బతుకే అంతని తేల్చేస్తాం.

పక్క ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "చూసిన్రా సార్, గీళ్లు గూడ డ్యూటీ చేస్తున్నరు." నవ్వాడు. వెనక కూర్చున్నాయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. తల మాత్రం తిప్పలేదు. డెలివరీ కుర్రాడికి ఎదురుగా నిలబడి, వచ్చిన దారినే వెళ్లమని చేత్తో చూపించింది. వాడు కాసేపు మొండికేసి, బండి తిప్పుకుని పోయాడు.

ఎర్రలైటు పక్కన అంకెలు మెల్లగా దిగుతున్నాయి. ఆవిడ ఇలా వీధిలో నిలబడ్డ ఇదే నగరంలో నిజాం హయాంలో, 1919లో, ఒక చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో వాడిన ఫస్లీ క్యాలెండర్ లెక్కన 1329. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌కు ఎక్కించమంది. అందులో పేరున్న మనిషి ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనబడినా, నలుగురిలో పాడినా ఆడినా, వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం రాజ్యం పోయింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. ఆ చట్టం మాత్రం కదల్లేదు. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు మూడో జెండర్‌ను గుర్తించి, తామెవరో చెప్పుకునే హక్కు ఆ మనుషులదేనని తేల్చాక కూడా తొమ్మిదేళ్లు బతికింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో గోషామహల్ పోలీస్ స్టేడియంలో ట్రాన్స్‌జెండర్లకు పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టారు. ఎంపికై, శిక్షణ పూర్తిచేసిన 39 మంది ట్రాఫిక్ అసిస్టెంట్లుగా హైదరాబాద్ కూడళ్లకు వచ్చారు. వీధిలో కనబడితే పట్టుకుపోవచ్చన్న ఊళ్లో, ఇప్పుడు వీధిలో నిలబడటమే వాళ్ల కొలువు.

కూరగాయల సంచితో ఒక ముసలామె జీబ్రా క్రాసింగ్ మొదట్లో నిలబడి ఉంది. కాలు కింద పెడుతోంది, తీసేస్తోంది. ఫ్రీ లెఫ్ట్‌లో బండ్లు ఆగడం లేదు. మిమ్మల్ని ఆపినావిడ అటు నడిచి, ఒక చెయ్యి బండ్లకు అడ్డంగా పెట్టి, రెండో చేత్తో సంచి అందుకుంది. "రా అమ్మా, నేనున్న గదా." ముసలామె ఆ వాచీ ఉన్న మణికట్టునే గట్టిగా పట్టుకుని రోడ్డు దాటింది. సంచి తీసుకుంటూ ఆవిడ ముఖంలోకి చూసింది. "సల్లగుండు బిడ్డా" అని, దారిన పోయింది.

ఆవిడ తిరిగొస్తుంటే ఆటో డ్రైవర్ మెడ బయటపెట్టాడు. "అక్కా, లక్డీకాపూల్ దిక్కు జామ్ ఉన్నదా?"

"మస్తున్నది. రాజ్‌భవన్ రోడ్డు వట్టుకొని పో."

డ్రైవర్ తలూపాడు. వెనకాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పచ్చలైటు పడింది. ఆటో ఆవిడ చెప్పిన వైపుకే తిరిగింది.

అసహ్యం ఉపన్యాసాలతో పోయేదైతే ఎప్పుడో పోయేది. పోవాలంటే మనిషి పనిలో కనబడాలి, ఆ పనితో మనకు అవసరం పడాలి. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ఉస్మానియా ఆస్పత్రిలో చేరి, తెలంగాణలో ప్రభుత్వ కొలువు పొందిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లయ్యారు. ప్రాచీ అంతకుముందు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసేవారు. ఆమె జెండర్ సంగతి తెలిశాక, రోగులు రారేమోనని అక్కడ ఆమెను మాన్పించారు. ఆ భయం రోగులది కాదు, యాజమాన్యానిది. ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లికి డాక్టర్ పుట్టుక గురించి ఆరా తీసే ఓపిక ఎక్కడుంటుంది?

అయినా ట్రాఫిక్ కొలువుల్లోని ఆ 39 చాలా చిన్న సంఖ్య. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడ, మగ కాక 'ఇతరులు'గా నమోదైనవారే 43,769 మంది. చెప్పుకోలేక ఏదో ఒక గడిలో టిక్కు పెట్టినవాళ్లు ఆ లెక్కలోకే రారు. వీళ్లందరికీ సర్కారు యూనిఫాం కుట్టించలేదు. మిగతాది మన చేతుల్లో ఉంది: దుకాణం కౌంటర్లో, ఆఫీసు ఇంటర్వ్యూ గదిలో, అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో.

మీ పైవాటా ఖాళీ అయితే, రేపు గేటు తట్టేది వీళ్లలో ఒకరు కావచ్చు. అప్పుడు అద్దె ఎంతో చెప్పండి. అడ్వాన్సు ఎన్ని నెలలదో చెప్పండి. మంజీరా నీళ్లు ఏ పూట వదులుతారో, బండి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పండి. ఇంకెవరు అడిగినా మీరు చెప్పేవి అవే.