మంజీర నీళ్లు, పక్కింటి విత్తనం

ఇందూరు, అంటే నిజామాబాద్, వైపు తోటల సంగతి ఎత్తితే ముందు అలీసాగర్ పేరే వస్తుంది. ఎడపల్లి మండలంలో గుట్టల నడుమ 1930-31 ప్రాంతంలో కట్టిన జలాశయం అది. పక్కన ఉద్యానవనం, మిట్ట మీద వేసవి విడిది, నీళ్ల మధ్య చిన్న దీవి. సెలవు రోజుల్లో సద్ది కట్టుకొని పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి. నిజామాబాద్ పట్నం నడిబొడ్డున తిలక్ గార్డెన్ ఉంది, పురావస్తు మ్యూజియం కూడా అందులోనే. ఇవి సర్కారు తోటలు. మాలీలు ఉంటారు, జీతాలు ఉంటాయి. అయితే ఈ గడ్డ మీద అంతకన్నా విస్తారంగా మరో తోట పెరిగింది. ఇంటెనుక బావి గట్టున, తడిక పక్కన, క్వార్టర్ల ప్రహరీల మీద పాకిన తోట అది. దానికి శిలాఫలకం లేదు. దాన్ని పెంచింది పక్కింటివాళ్లు.

ఆ తోట కథ మంజీర నీళ్లతో మలుపు తిరిగింది. అచ్చంపేట దగ్గర మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. నడిపించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలని తలపెట్టిన ప్రాజెక్టు అది. బాన్సువాడ, వర్ని, బోధన్ మీదుగా కాలువ పారింది. కాలువ పారిన చోట పొలం తడవడమే కాదు, చుట్టుపక్కల బావుల్లో ఊట పెరుగుతుంది. పెరటికి కావలసిందీ అదే. ఎండాకాలం బావి అడుగంటే ఊళ్లో కూరపాదు బతకాలంటే గిన్నెలు కడిగిన నీళ్లే దిక్కు. స్నానాల గది వెనుక అరటి పిలక, ఆ తడిలోనే నాలుగు కొయ్యగూర మొక్కలు, పొయ్యి బూడిద చల్లిన బీరపాదు. బావిలో నీళ్లు నిలిచాక అదే ఇంటివాళ్లకు పందిరి వేయాలన్న ధైర్యం వచ్చింది.

నీళ్ల వెంట మనుషులూ వచ్చారు. కోస్తా జిల్లాల రైతులు వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ భూములు కొని స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లకు ఇప్పటికీ క్యాంపులనే పేరు. తడి వరి సాగులో వాళ్లు ఆరితేరినవాళ్లు. ఈ నేల గుణం, వాన రాకడ, ఏ చెలకలో ఏం నిలుస్తుందన్న ఎరుక మాత్రం స్థానికులది. ఈ వలసల వల్ల భూముల విషయంలో వచ్చిన కష్టం చిన్నది కాదు, దాన్ని ఇక్కడ పైపైన తేల్చేయడం తప్పు. పెరటి మట్టుకు మాత్రం ఒకటి చెప్పొచ్చు. పుంటికూర గింజా, మునగ కొమ్మా, కరివేపాకు పిలకా గోడ దాటడానికి భాషలో యాస అడ్డం రాలేదు.

1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని దానికి పేరు. దాని చుట్టూ ఏర్పడిన కాలనీయే శక్కర్‌నగర్. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం కూడా నిజాం కాలం నాటిదే. కర్మాగారం ఉన్న చోట ఇంటితోటకు ఒక ప్రత్యేకమైన వనరు దొరుకుతుంది. చెరకు రసాన్ని వడకట్టాక మిగిలే నల్లటి మడ్డి అది, ప్రెస్‌మడ్ అంటారు. భాస్వరం, సున్నం, సేంద్రియ పదార్థం పుష్కలంగా ఉంటాయి. అయితే పచ్చిగా వేస్తే వేడెక్కి వేళ్లను మాడ్చేస్తుంది. కొన్ని నెలలు కుప్ప వేసి, తడుపుతూ, తిరగేస్తూ మాగనివ్వాలి. చేత్తో పిసికితే జిగురు లేకుండా పొడిపొడిగా రాలాలి, పులిసిన వాసన పోయి వానకు తడిసిన మట్టి వాసన రావాలి. ఇలాంటివి చూసి నేర్చుకునేవే. ముందు చేసి చూసినవాడు పక్కవాడికి చెప్తాడు, పక్కవాడు తన మొక్క మీద పరీక్షించి ఇంకొకడికి చెప్తాడు. పరిశోధన కేంద్రం రైతుకు నేర్పినంత పనీ పెరళ్ల మధ్య ఈ మాటామంతీ చేసిందని నా నమ్మకం.

విత్తనం దాచే పనితనం ఇంకా గొప్పది, అది పూర్తిగా ఆడవాళ్ల చేతిలో ఉండేది. పాదుకు మొదట దిగిన కాయల్లో నిండుగా ఉన్నదాన్ని ఎంచి దారం కట్టేవారు, అంటే దాన్ని ఎవరూ కోయకూడదని గుర్తు. తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనే దాకా ఆగేవారు. సొరకాయ అయితే బుర్రతో సహా దూలానికి వేలాడేది. బీర గింజలు ఎండిన పీచులోనే భద్రం. గుమ్మడి గింజలను పచ్చి పేడలో అదిమి గోడకు పిడకలా కొట్టేవారు. పేడ ఎండి పెచ్చు కట్టాక పురుగు దగ్గరికి రాదు. పెసలకు, బొబ్బర్లకు బూడిద, వేపాకు. మిరుగు కార్తె రాగానే ఆ పిడకలు విప్పి, తమ పాదుకు సరిపడా ఉంచుకొని మిగిలినవి కొంగు చివర కట్టుకొని వాడకట్టంతా పంచేవారు. ఒక ఇంట్లో పాదు ఎండిపోయినా రకం నశించకపోవడానికి ఈ పంపకమే కారణం. తన విత్తనం పోయిన మనిషి రెండేళ్ల కింద తానే ఇచ్చిన ఇంటికి వెళ్లి తిరిగి అడిగి తెచ్చుకునేది.

ఆ తర్వాత కాలం తిరగబడింది. 2002లో చక్కెర కర్మాగారంలో అధిక వాటా ప్రైవేటు పరమైంది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లూ మూతబడ్డాయి. చెరకు వేసిన చేలు వరిమళ్లయ్యాయి. కార్మికులకు జీతాల బాకీలు మిగిలాయి. కాలనీ పలచబడితే ఇళ్లు పాడుబడడం ఒకటే నష్టం కాదు. ఏ చెట్టు ఎవరు తెచ్చారో, ఏ చిక్కుడు ఏ ఇంటిదో తెలిసిన మనుషులు తలోదిక్కు పోతారు. బజారులో హైబ్రిడ్ ప్యాకెట్టు దొరుకుతుంది గనక ఆ లోటు వెంటనే కనబడదు. హైబ్రిడ్ కాయ గింజ దాచి వేస్తే తల్లి లక్షణం నిలవదు. మళ్లీ ప్యాకెట్టే కొనాలి.

ఇప్పుడు పెరడు మిద్దె ఎక్కింది. తెలుగునాట ఈ పనికి ఊపు తెచ్చినవారిలో కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్యులు. హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటిపై పెంచిన పంటను చూపించి, మిద్దెతోట అన్న మాటను ఇంటింటికీ చేర్చారు. నిజామాబాద్‌లో స్లాబు ఇల్లున్న ఎవరైనా చేసుకోగల పని ఇది, కాని బరువు లెక్క తెలిసి చేయాలి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు మడిలో మట్టి నింపి తడిపితే అర టన్ను దాటుతుంది. అలాంటి మడిని స్లాబు నడుమ పెట్టకూడదు, కింద గోడ గానీ దూలం గానీ ఉన్న చోటే పెట్టాలి. స్లాబుకు మడి అడుగు ఆనకుండా ఇటుకల మీద నిలపాలి, లేకుంటే తేమ దిగుతుంది.

మట్టికి మనకు కొదవ లేదు. 29.72 టీఎంసీల నిజాంసాగర్ పూడిక పేరుకొని ఇప్పటి లెక్కలో 17.8కి తగ్గిందంటే మంజీర ఎంత ఒండ్రు మోస్తుందో ఊహించుకోవచ్చు. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైంది కూడా అప్పటి ఈ జిల్లాలోనే, 2015 మార్చి 12న సదాశివనగర్ పాత చెరువు దగ్గర. చెరువు మట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపితే మడి సిద్ధం. ఆ మడికి పోసేందుకు, ప్రకృతి సేద్యం నేర్పిన సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పప్పుపిండి, 2 కిలోల బెల్లం, గుప్పెడు మట్టి కావాలి. కామారెడ్డి బెల్లం మార్కెట్టుకు ఒకప్పుడు పేరున్న ప్రాంతం ఇది.

మిద్దె మీద తేనెటీగలు తక్కువ గనక పుప్పొడి చేత్తో రాయాల్సి వస్తుంది. సొర, బీర పూలు పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి. కాకర, గుమ్మడి పొద్దున్నే. సన్నటి కాడ ఉన్నది మగ పువ్వు, వెనక చిట్టి పిందె ఉన్నది ఆడ పువ్వు. మగ పువ్వు రేకలు తుంచి పుప్పొడిని ఆడ పువ్వు నడుమ మెల్లగా రాస్తే పిందె నిలుస్తుంది. విత్తనం దాచాలనుకున్న కాయకు మాత్రం అదే రకం పుప్పొడి రాసి, పువ్వు మూతిని దారంతో కట్టాలి. అలా కాకపోతే పక్క పాదుతో కలిసిపోతుంది. టమాటకు, చిక్కుడుకు ఇంత శ్రమ లేదు, వాటి పువ్వు చాలా మటుకు తనలోనే కట్టుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చిక్కుడుతోనే మొదలుపెట్టాలి.

మీ ఇంట్లోనో, బోధన్ దగ్గర పల్లెలోని చుట్టాలింట్లోనో ఏళ్ల తరబడి వేస్తున్న చిక్కుడో, బీరో ఉంటే ఈ ఏడు ఒక కాయ తీగ మీదే ఎండనివ్వండి. గింజలను పొట్లం కట్టి, రకం పేరు, ఏ ఊరిదో రాసి, కనీసం మూడిళ్లకు ఇవ్వండి. పెద్దవాళ్లు బతికుండగానే ఆ రకం గుణాలు అడిగి రాసుకోండి.