ఎముక మూలుగ కణాలు: మనిషిలో, ప్రయోగశాల జంతువుల్లో

ఎముక మూలుగలో ఉండే మూలకణాల నుంచే ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లను విడుదల చేసే మెగాకేరియోసైట్లు పుడతాయి. క్షీరదాలన్నింటిలోనూ ఈ క్రమం దాదాపు ఒకటే. రక్తం మూలుగలో తయారవుతుందని 1868లో ప్రకటించిన ఎర్నెస్ట్ నాయ్‌మన్ అటు మనుషుల ఎముకల్నీ ఇటు కుందేళ్ల ఎముకల్నీ పరిశీలించాడు. అయితే క్రమం ఒకటైనంత మాత్రాన కణాల రూపం ఒకటి కాదు. ఒక జీవిలో ఆరోగ్యంగా కనిపించే కణం మరో జీవిలో జబ్బుకు గుర్తు కావచ్చు.

ఎక్కువగా తికమక పెట్టేది న్యూట్రోఫిల్. మనిషిలో అది ఎదిగేకొద్దీ కేంద్రకం ఒకవైపు నొక్కుకుపోయి, పట్టీలా వంగి, చివరికి తమ్మెలుగా విడిపోతుంది. ఎలుకల్లో, చిట్టెలుకల్లో మాత్రం ముందు కేంద్రకం నడుమ గారెకు పెట్టినట్టు చిల్లు పడుతుంది. ఆ చిల్లు పెద్దదై, అంచు సన్నబడ్డాకే తమ్మెలు ఏర్పడతాయి. ఇలాంటి ఉంగరాకార కేంద్రకాలు మనిషి స్లైడులో కనిపిస్తే మూలుగ వ్యాధిని అనుమానించాలి. కుందేలు, గినీపందుల న్యూట్రోఫిల్ కణికలు ఎర్రగా రంగు పట్టి, చూడగానే ఇయోసినోఫిల్ అనిపిస్తాయి.

ఎర్ర కణం ఆయుష్షు మనిషిలో సుమారు 120 రోజులు, ఎలుకలో 60, చిట్టెలుకలో 40. అందుకే ఈ చిన్న జంతువుల రక్తంలో అప్పుడే మూలుగ దాటి వచ్చిన లేత ఎర్ర కణాలు ఎక్కువ. చిట్టెలుక మూలుగలో కొవ్వు తక్కువ, లింఫోసైట్లు ఎక్కువ. దాని ప్లీహంలో జీవితాంతం రక్తం తయారవుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ మెగాకేరియోసైట్లు ఉండడం మామూలే. పెద్దవాళ్ల ప్లీహంలో అవి కనిపిస్తే మైలోఫైబ్రోసిస్ వంటి కారణాన్ని వెతకాలి.

ఈ తేడాలు తెలియకపోతే జరిగే నష్టం సూక్ష్మకేంద్రక పరీక్షలో స్పష్టంగా తెలుస్తుంది. మందు క్రోమోజోములను విరగ్గొడుతుందేమో చూసే పరీక్ష ఇది. ఎదుగుతున్న ఎర్ర కణం తన కేంద్రకాన్ని బయటికి నెట్టేశాక, విరిగిన క్రోమోజోము ముక్క ఏదైనా ఉంటే లోపల చుక్కలా మిగిలిపోతుంది. అలాంటి చుక్కలున్న కణాలను లెక్కపెడతారు. ఎలుక మూలుగలో మాస్ట్ కణాలు చాలా ఉంటాయి. స్మియర్ లాగేటప్పుడు అవి చితికి, వాటి కణికలు ఎర్ర కణాల మీద చిమ్ముకుంటాయి. గీమ్సా రంగులో ఆ కణికలు కూడా ముదురు ఊదా చుక్కలే. వాటిని లెక్కలో కలిపేస్తే ఏ దోషమూ లేని మందు దోషిగా తేలుతుంది. అందుకే చాలా ప్రయోగశాలలు డీఎన్‌ఏను వేరుగా చూపే అక్రిడిన్ ఆరెంజ్ రంగును వాడతాయి.

ఇక్కడ ప్లీహం పాత్ర కూడా ఉంది. చుక్కలున్న ఎర్ర కణాలను మనిషి ప్లీహం, ఎలుక ప్లీహం ఏరి తీసేస్తాయి. చిట్టెలుక ప్లీహం అలా తీయదు. అందుకే చిట్టెలుకలో ముదిరిన ఎర్ర కణాలను కూడా రక్తంలోనే లెక్కించవచ్చు. ఎలుకలో మూలుగనైనా తీయాలి, లేదా రక్తంలోని అతి లేత కణాలకే లెక్కను పరిమితం చేయాలి.