ముట్టడిలో మూగజీవములు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున లెనిన్‌గ్రాడ్ నగరమును 1941 సెప్టెంబరు 8వ తేదీ మొదలు 1944 జనవరి 27వ తేదీ వరకు శత్రుసేనలు ముట్టడించి యుండినవి. ఆ నగరమందలి జంతుప్రదర్శనశాలలో క్రసావిత్స అను నీటిగుఱ్ఱము ఉండెను. ఆ పేరునకు అందగత్తె యని అర్థము. నీటిగొట్టములు పనిచేయుట మానగా దాని మడుగు ఎండిపోయినది. తడి లేనిచో ఆ జంతువు చర్మము పగిలి నెత్తురు కారును. దానిని సాకుచున్న యెవ్దొకియా దాషినా యను స్త్రీ నేవా నదినుండి దినమునకు 40 బకెట్ల నీటిని మంచుపై లాగుడుబండిలో తెచ్చి, వెచ్చచేసి, దాని మేను తడిపి, కర్పూరతైలము రాచెడిది. మేత చాలనందున ఉడికించిన ఱంపపుపొట్టు కలిపి దాని కడుపు నింపెడివారు. ఆ చలికాలమున నగరములో పెక్కుమందికి రోజుకు దొరకినది 125 గ్రాముల రొట్టె మాత్రమే. అట్టి దినములు గడచియు క్రసావిత్స బ్రతికినది. 1951 వరకు జీవించినది.

ఈ వృత్తాంతమును తెలిసికొన్ననాడు మాకొక ప్రశ్న తోచినది. మేముండునది స్టేషన్ ఘన్‌పూరు. ఇచ్చట కాజీపేట వైపు పోవు రైలెక్కి కూర్చున్నచో కబుర్లు ముగియకముందే ఓరుగల్లు వచ్చును. ఆ ఓరుగంటి కోటను పదునాల్గవ శతాబ్దపు తొలి పాతికేండ్లలోనే దిల్లీ సేనలు పలుమారులు ముట్టడించినవి. అప్పుడు కోటలో మనుష్యులు మాత్రమే గాక ఏనుగులును, గుఱ్ఱములును ఉండినవి గదా! వాటికి మేత వేసిన దాషినాలెవ్వరు?

అవి చూడవచ్చినవారి వినోదమునకు పెంచినవి కావు, యుద్ధమునకు పెంచినవి. అయినను కట్టుకొయ్యకు కట్టువడిన జంతువు తన మేతను తాను వెదకుకొనజాలదు. ముట్టడి పడిన ఊరిలో బోనునకును గజశాలకును భేద మంతగా లేదు.

కాకతీయుల కొలువులో సాహిణి యను ఉద్యోగముండెను. గజములపై అధికారము గలవాడు గజసాహిణి. గణపతిదేవుని కాలమున జాయపసేనాని ఆ పదవియం దుండినవాడే. నృత్తరత్నావళి వ్రాసిన చేయి గజశాల లెక్కలును చూచినదన్న మాట! గుఱ్ఱముల సంగతి వేరు. మంచి గుఱ్ఱములు సముద్రము దాటి వచ్చెడివి. గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనములో, ఓడలు గాలివానకు చిక్కి కొట్టుకొని వచ్చినపుడు పూర్వరాజులు దోచుకొనెడి వస్తువులలో ఏనుగులును గుఱ్ఱములును పేర్కొనబడినవి. అంత దూరమునుండి వచ్చిన గుఱ్ఱమును మన ఎండలకు, మన నీటికి అలవరచుట సామాన్యమైన పని కాదు.

1310 జనవరిలో మాలిక్ కాఫూరు ఓరుగంటిపైకి వచ్చెను. వెలుపల మట్టికోట, దాని అడ్డుకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. లోపల 45 బురుజుల రాతికోట. రెండింటికిని అగడ్తలు. ఒక నెల పోరాటము పిమ్మట ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకొనెను. ఆతడు అప్పగించినవి 100 ఏనుగులు, 7,000 గుఱ్ఱములని జియాఉద్దీన్ బరనీ వ్రాసినాడు. ఏలికల మెప్పునకై సంఖ్యలు పెంచుట చరిత్రకారులకు క్రొత్త గాదు. అయినను ఆ లెక్కనే తీసికొని కొంచెము గుణించి చూతము.

పెరిగిన ఏనుగునకు దినమునకు 150 కిలోల పచ్చిమేత, 100 లీటర్లకు మించిన నీరు కావలెను. నూరు ఏనుగులకు 15 టన్నుల మేత. గుఱ్ఱమునకు గడ్డియు దాణాయు కలిపి 10 కిలోలు అనుకొన్నను 7,000 గుఱ్ఱములకు 70 టన్నులు. మొత్తము 85 టన్నులు. బండికి అరటన్ను చొప్పున 170 ఎడ్లబండ్లు ప్రతి ఉదయము కోటలోనికి రావలెను. ఆ ఎడ్లకు మరల మేత కావలెను! గుఱ్ఱములలో సగమే కోటలో నుండినవనుకొన్నను భారము తక్కువది కాదు. ఇక తలుపులు మూసిన దినమునుండి ఒక్క బండియు రాదు.

ఉలవలు గాదెలో పోసికొనవచ్చును. జొన్నచొప్పను, వరిగడ్డిని వామి వేసికొనవచ్చును. ముట్టడి సంక్రాంతి దినములలో వచ్చినది గనుక కోతలై కొంత గడ్డి లోపలికి చేరియే యుండునని మా ఊహ. కాని మర్రికొమ్మను, రావికొమ్మను దాచుట యెట్లు? కోసిన మూడవనాడే ఆకు ఎండిపోవును. ఏనుగులకు అలవాటైన అడవి అగడ్తకు ఆవల నున్నది, అగడ్తకు ఆవల శత్రువు లున్నారు. రాళ్లు రువ్వు యంత్రముల చప్పుడునకు బెదరిన ఏనుగును గొలుసుకన్న మావటివాని గొంతు ఎక్కువగా నిలుపును. ఆ గొంతు కలవాడు పగలంతయు మేతకై తిరిగి, రాత్రియంతయు దానిచెంత మేలుకొనవలెను.

సంధి కుదిరిన పిదప ఆ జంతువులు ఉత్తరమునకు నడచినవి. కాఫూరు మార్చిలో బయలుదేరి జూనులో దిల్లీ చేరినాడు. అనగా వేసవియంతయు దారిలోనే. కోహినూరు ఆ మూటలలోనే పోయినదా యని నేటికిని వాదించుకొనువారు కలరు. ఆ యెండలో నడచిన ఏనుగులకు ఎవరు నీరు పెట్టిరని అడిగినవారిని మేము చూడలేదు.

కడపటి ముట్టడిలో తిండియే తీర్పు చెప్పినది. ఉలుఘ్ ఖాను మొదటిసారి వచ్చి విఫలుడై మరలిపోగా, ఆపద తొలగినదని ప్రతాపరుద్రుడు ధాన్యాగారములు తెరపించి విందులు చేయించెను. కొలది నెలలకే శత్రువు తిరిగి వచ్చినాడు. నిల్వలు అడుగంటిన కోట అయిదు నెలలు నిలిచి 1323లో లొంగిపోయినది. గాదెలు ఖాళీయైన ఊరిలో మొదట పస్తుండునది కట్టుకొయ్యకడ నున్నదే. రాజును, ఏనుగులును దిల్లీ దారి పట్టిరి. రాజు నర్మదాతీరమున మరణించెనని విలస శాసనము చెప్పుచున్నది.

గోలకొండ కథ దీనికి తలక్రిందులు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినపుడు తిండికి కొదువలేనిది కోటలోనివారికే. మొగలు శిబిరములో ధాన్యముతోపాటు పశుగ్రాసమును కరవైనదని ఖాఫీఖాను వ్రాసినాడు. వేలకొలది గుఱ్ఱములు, ఏనుగులు, బరువుల ఎడ్లు గల ఆ సేనకు అది ఎంతటి దెబ్బయో చెప్పనక్కరలేదు. ఆయన వ్రాసినదే మరియొక ముచ్చట. మే నెలలో ఒక రాత్రి ఫిరోజ్ జంగు మనుష్యులు నిచ్చెనలు వేసి గోడ యెక్కుచుండగా ఒక ఊరకుక్క మొరిగినది. కావలివారు మేలుకొని వారిని పడద్రోసిరి. తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు, జరీ అంగీ తొడిగించి తనచెంత కట్టించుకొని, మూడంతస్తుల హోదా యని ధ్వనించు సెహ్ తబఖా అను బిరుదిచ్చెనట! మొగలు సర్దారుల బిరుదులమీద ఆతడు విసరిన పరిహాసమిది. ఏమైనను ముట్టడిలో ఒక మూగజీవమునకు జరిగిన సత్కారము మన చరిత్రలో ఇంత స్పష్టముగా మరియొకచోట మాకు కానరాలేదు. సెప్టెంబరులో కోట పడినది కుక్క ఏమరుపాటున కాదు. లంచమునకు లోబడిన మనుష్యుడు తలుపు తీసినందున.

ఇక మన కాలమునకు వత్తము. చెన్నపట్టణములోని జంతుప్రదర్శనశాలను 1855లో ఎడ్వర్డ్ బాల్ఫర్ నెలకొల్పెను. తరువాత అది పీపుల్స్ పార్కునకు మారినది. తమిళులు దానిని ఉయిర్ కాలేజి, అనగా ప్రాణమున్న కాలేజి అనెడివారు. అప్పటికి చెన్నపట్టణము ఆంధ్ర జిల్లాలకును రాజధాని. సెంట్రల్ స్టేషనులో దిగిన తెలుగు కుటుంబములు పిల్లలకు పులులను చూపింపక మరలివచ్చెడివి కావు.

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసినవి. రాజధానికిని ముట్టడి తప్పదను భయము ప్రబలినది. జనము వేలకువేలుగా ఊరు విడిచిరి. బాంబు పడి బోను విరిగినచో సింహము వీధిలోనికి వచ్చునుగదా యన్నది అధికారుల చింత. ఆ చింత నిరాధారమనము. లండనులో 1939లోనే విషసర్పములను చంపివేసిరి. అయితే లెనిన్‌గ్రాడులో నిజముగా బాంబులు పడుచుండగా నీరు మోసినవారుండిరి. ఇచ్చట బాంబు పడకమునుపే ఆ నెలలో మలబారు స్పెషల్ పోలీసులను పిలిపించి, సింహములు, పులులు మొదలైన క్రూరమృగములను బోనులలోనే తుపాకులతో కాల్పించిరి. ప్రతిదినము తనకు మాంసము తెచ్చువాడే వచ్చినాడని అవి కమ్ముల దగ్గరకు వచ్చియుండునేమో.

శత్రుసేన చెన్నపట్టణపు తీరమున దిగనే లేదు. 1943 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఒకే ఒక విమానము వచ్చి కొన్ని బాంబులు వేసి పోయినది. పీపుల్స్ పార్కులో పులుల బోనులు ఖాళీ అయి అప్పటికే ఏడాదిన్నర.